అవ్వ చేయించిన అర్చన, నాయన ఉద్యోగం

మా నాయన హైకోర్టు జడ్జీ అయ్యాడని చిత్తూరు కోర్టులో అందరూ మిఠాయిలు పంచుకు తిన్నారు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి ఎవరికీ సరిగ్గా అన్నం సయించలేదు. ఎందుకంటే ఆయన్ను వేసింది అడిషనల్ జడ్జీగా, రెండేళ్లకు. ఆ తర్వాత పర్మనెంటు చేస్తే ఉంటాడు, లేదంటే మళ్లీ చిత్తూరు కోర్టులో ప్లీడరుగా నిలబడాలి. మామూలు రోజుల్లో పర్మనెంటు చేయడం ఒక లాంఛనం. మాకు దాపురించినవి ఎమర్జెన్సీ రోజులు.

అమ్మ లేదు. నేనూ, నాయన తల్లి అయిన మా అవ్వా చిత్తూరులోనే ఉండేవాళ్లం. నాయన సెలవులకు రైల్లో వచ్చి పోయేవాడు. కాలేజీలో చదువుతూ లోకమంతా నాకే తెలుసనుకునే వయసు నాది. ఒకసారి అడిగాను: "హైకోర్టు జడ్జీని తీసేసేది అంత సులువా నాయనా?"

ఆయన లేచి, బయట ఎవరైనా వింటారేమోనని కిటికీ మూసి వచ్చి కూర్చున్నాడు.

"తీసేయాలంటే శానా కష్టం మే. తప్పు రుజువు కావాల. పార్లమెంటులో రెండు సభలూ ఒప్పుకోవాల, ఓటేసినోళ్లలో మూడింట రెండొంతులు మంది తీసేయమనాల, ఆ పైన రాష్ట్రపతి సంతకం. అదంతా పర్మనెంటోళ్లకి. నన్ను తీసేయాల్సిన పనే లేదు. గడువు దినం దాకా ఎవురూ ఏమీ సేయకుండా ఊరకుంటే సాలు, నేనే ఇంటికొచ్చేస్తా."

పర్మనెంటు కావాలంటే హైకోర్టు చీఫ్ జస్టిస్ సిఫారసు రాయాలి, ముఖ్యమంత్రి సరేననాలి, తర్వాత ఢిల్లీలో మంత్రులు, అక్కడి పెద్ద చీఫ్ జస్టిస్, ఆఖరికి రాష్ట్రపతి. ఇన్ని బల్లల మీద ఫైలు ఎక్కడ ఆగినా ఆగినట్టే, ఎందుకు ఆపారని అడగడానికి లేదు.

గడువు దగ్గర పడుతుండగా నగరిలో మగ్గాల కార్మికుల నాయకుడొకాయన్ను విచారణ లేకుండా జైల్లో వేశారు. ఆయన భార్య హైకోర్టుకెక్కింది. ఆ కేసు ఇద్దరు జడ్జీల ముందుకు వచ్చింది, వాళ్లలో తీర్పు రాయాల్సినవాడు మా నాయన. ఆ వారం నుంచే మా ఎదుటి టీకొట్టులో ఎవరో కొత్తాయన కూర్చోవడం మొదలుపెట్టాడు. మా ఇంటికి ఎవరొస్తారు, ఏం తెస్తారు అని అడుగుతున్నాడట. మామిడికాయల మండీ ఉన్న మా చుట్టాలు గంప పంపితే అవ్వ వాకిట్లోంచే తిప్పి పంపింది. నాకు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, వీధిలో కుక్క మొరిగినా ఉలిక్కిపడేదాన్ని.

అవ్వకు పార్లమెంటు తెలియదు, స్వామి తెలుసు. నన్ను వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కింది. గుళ్లో అర్చన చేయిస్తే గోత్రం, నక్షత్రం, పేరు, కోరిక, అన్నీ అర్చకుడు నలుగురూ వినేటట్టే చదువుతాడు. అది పద్ధతి. మా గ్రహచారం, అదే వేళకు ఒక మంత్రి దర్శనానికి వచ్చి మా పక్కనే నిలబడ్డాడు. అవ్వ ఆయన వంక చూడను కూడా లేదు.

"నా కొడుకు హైకోర్టు జడ్జీ సామీ. వాని ఉజ్జోగం పర్మనెంటు గావాలని సెప్పు" అంది, చేలో కూలీలను కేకేసినట్టు. అర్చకుడు దాన్ని సంస్కృతంలోకి తిప్పి ఇంకా గట్టిగా చదివాడు.

మంత్రి ఇటు తిరిగి నవ్వాడు. "మీ కొడుకా పెద్దమ్మా? నగరి కేసు ఆయన కాడే ఉండాది గదా. స్వామికి సెప్పినావు, బాగుండాది. నన్ను గూడా ఒకసారి వచ్చి కలవమను."

నేను అవ్వ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. అవ్వ మొహం మాత్రం వెలిగిపోయింది. "సూసినావా మే, సామి ఎంత బిన్నా, అడిగిన గడియకే పలికినాడో!" అని బస్సులో దారి పొడుగునా మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది కానీ, ఆ ముసలి ప్రాణాన్ని ఏమని తిట్టను?

నాయన వచ్చినప్పుడు, అన్నం పెడుతూ ఈ శుభవార్త చెప్పింది. నాయన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఎంత పని జేసినావమ్మా! నేను పోయి కలిస్తే తీర్పు అమ్ముకున్నట్టే. కలవకుండా ఆ జైల్లో మనిషిని ఇడిపిస్తే మంత్రికి ఎదురు తిరిగినట్టు. కేసు కొట్టేస్తే గుళ్లో బేరం కుదిరిందంటారు."

"సామిని అడిగేది గూడా తప్పేనా?" అంది అవ్వ, బిక్కమొహం వేసుకుని.

నాయన తిరిగి వెళ్లి జరిగిందంతా చీఫ్ జస్టిస్‌తో చెప్పాడు. కావాలంటే కేసు వదులుకోవచ్చని ఆయన అన్నాడట. వదులుకుంటే మొదటి నుంచీ మళ్లీ వినాలి, అంతవరకూ ఆ మనిషి జైల్లోనే. నాయన వదులుకోలేదు. మంత్రినీ కలవలేదు. నిర్బంధం చెల్లదని, విడుదల చేయమని తీర్పు రాశాడు. రెండో జడ్జీ సంతకం పెట్టాడు.

ఆ తర్వాత మేం చేసింది ఎదురుచూడటమే. రేడియో వార్తలు మొదలైతే అవ్వ పోపు కూడా ఆపేది. ఢిల్లీ నుంచి అవునని రాలేదు, కాదనీ రాలేదు. గడువు తీరింది. నాయన చెప్పినట్టే, ఎవరూ ఏమీ చేయలేదు. రెండు ట్రంకు పెట్టెలతో రైలు దిగి ఇంటికొచ్చేశాడు.

అవ్వ గడపలోనే ఆయన చెయ్యి పట్టుకుంది. "నేనే సెరిపినానా నాయనా నీ పని?"

"నువ్వు గాదులేమ్మా."

"మరి అంత ధైర్నంగా యాల రాస్తివి? రోంత మెత్తగా రాసుంటే పోయేది గదా."

"ధైర్నమా పాడా!" అన్నాడు నాయన, పెట్టె మీదే కూలబడి. "రాసేటప్పుడు సేతిలో పెన్ను నిలవలేదు. జైల్లో ఉన్న ఆయప్ప పెండ్లాము దినమ్మూ వచ్చి కోర్టులో ఎనక బెంచీలో కూసోనుండె, నాకంటే భయపడతా. ఆ కుర్సీలో ఉండి నేను గూడా భయపడి కొట్టేస్తే, ఆయమ్మ ఇంక యాడికి పోవాలమ్మా?"