డాక్టరమ్మ రాయని రెండు సర్టిఫికెట్లు

మొన్న పొద్దున బంగారుపాళ్యంలో మామిడికాయల లోడు ఎక్కిస్తుంటే ఫోనొచ్చింది, చిత్తూరు డాక్టరమ్మ పోయిందని. చేతిలో గంప దించి అక్కడే కూలబడ్డాను. ఆమె నాకు చుట్టం కాదు. కానీ ఈరోజు నేను గంపలు మోస్తున్నానంటే ఆ తల్లి చలవే.

ప్రభుత్వాసుపత్రిలో రిటైరయ్యాక ఇంటి ముందుగదిలోనే వైద్యం చూసేది. స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి గానీ ఛాతీ మీద పెట్టేది కాదు. నోరు మాత్రం ఎండుమిరపకాయ. సైన్యం సెలెక్షన్లకు పోయే కుర్రాళ్లు ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు, చెవిలో గులిమి ఉన్నా వెనక్కి పంపుతారని భయం. “దేశాన్ని కాపాడేది తర్వాత, ముందు చెవులు కడుక్కోండ్రా!” అని తిడుతూనే శుభ్రం చేసేది.

నేనూ అట్లాగే పోయాను. పరుగులో ఆఖరి చుట్టుకు ఆయాసం వచ్చేది, అంతే. ఆమె చాలాసేపు విన్నది. “గుండెలో రంధ్రం ఉన్నట్టుండాది. స్కాను తీయాల” అంది. చిన్నప్పటి నుంచీ సైన్యమే నా ఆశ. “బాగుందని ఒక ముక్క రాసియ్యమ్మా” అని బతిమాలాను. ఈమె రాసిస్తే అక్కడ మళ్లీ చూడరని నా తెలివి!

అదే గదిలో నగరి నుంచి వచ్చిన చీరలు నేసే ఒకామె కూర్చోనుంది, పక్కన దుక్కలాంటి కొడుకు. అప్పుడు సరిహద్దులో గొడవలు. ఇంటికొకరు సైన్యంలో చేరాల్సిందేనని ఫోన్లలో ఒకటే పుకార్లు. “ఒక్కగానొక్క బిడ్డ. ఏదో ఒక జబ్బుండాదని రాసియ్యి తల్లీ” అని డాక్టరమ్మ కాళ్లు పట్టుకుంది. ఆ పిల్లోడు సిగ్గుతో తలెత్తలేదు.

డాక్టరమ్మ ఆమెను లేపి కూర్చోబెట్టింది. “మన దేశంలో అట్లాంటి చట్టం లేదమ్మా. రేపు వస్తాదా అంటే నేను సోది చెప్పేదాన్ని కాదు. వచ్చినా జబ్బుండేవాళ్లను వాళ్లే వదిలేస్తారు. లేనోడికి నేనెట్ల అంటించేది?” అని నావైపు తిరిగింది. “నీకేమో ఉండే జబ్బు దాయాల. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు సూసుకోండి!”

ఆ నగరి ఆమె నవ్వలేక నవ్వింది. నేను మాత్రం కోపంతో, స్కానుకు రాసిచ్చిన చీటీ అక్కడే పారేసి వచ్చేశాను.

రెండు రోజులకు డాక్టరమ్మ బస్సు దిగి, ఊళ్లో దారి అడుగుతూ మా ఇంటికొచ్చింది. “సైన్యం వద్దంటే బతుకు వద్దన్నట్టు కాదురా. పద తిరుపతికి” అంది. పెద్దాసుపత్రిలో తనే అందరితో మాట్లాడింది. ఆపరేషన్ రోజు మా నాయన ఏడుస్తుంటే, “యాల ఏడుస్తావప్పా, యుద్ధానికి పోతాండాడా? నిద్రపోయి లేస్తాడు” అని కసిరి, తలుపు దాకా నా చెయ్యి పట్టుకునే నడిచింది.

నిద్రపోయి లేచాను. పుకార్లూ సద్దుమణిగాయి, ఏ ఇంటికీ ఏ హుకుమూ రాలేదు. యూనిఫాం వేసుకున్నవాణ్ని చూస్తే ఇప్పటికీ కొంచెం బాధే. కానీ పొద్దున్నే లేచి నా కూతురికి జడ వేసేటప్పుడు మాత్రం డాక్టరమ్మకు మనసులో దండం పెట్టుకుంటాను.

మొన్న ఫోను రాగానే చిత్తూరు పోయి, ఆమె పాడెకు భుజం పట్టాను. శ్మశానానికి ఎగువ దారి. వెనకనుంచి ఒక పెద్దాయన, “గుండె ఆపరేషన్ అయినోడివి, ఇట్లియ్యప్పా” అన్నాడు. తలూపాను గానీ ఇవ్వలేదు. పైదాకా మోశాను. ఆయాసం రాలేదు, ఏడుపే వచ్చింది.