పదికి ఎంత

దళారి ఓబులేసు నోటితో నిజమైన అంకె చెప్పిన ఘటన ఆదోని, ఎమ్మిగనూరు ఎద్దుల సంతల చరిత్రలో ఒక్కటీ లేదు. శాసనాలు చెక్కించిన రాజులు ఈ విషయంలో ఆయనకంటే తక్కువవాళ్ళే, ఎంతో కొంత నిజం బయటపెట్టారు. ఓబులేసు తువ్వాలు కింద అవతలివాడి వేళ్ళు పట్టుకుని, ఏ వేలికెంతన్న లెక్కతో ధర తెలిపేవాడు. కొనేవాడి తరఫునైతే ఉన్నదాంట్లో సగం, అమ్మేవాడి తరఫునైతే రెట్టింపు. ఉన్నదున్నట్టు చెప్పడం వృత్తిధర్మానికి విరుద్ధం.

అలాంటి మనిషికి కాలేయంలో గడ్డ లేచింది. కర్నూలు ఆసుపత్రిలో సగానికి పైగా కాలేయం కోసి తీసేశారు. మత్తు డాక్టరు సుజన ఆపరేషనుకు ముందే వెన్నులో సన్నని గొట్టం పెట్టింది. దాంట్లోంచి దిగే మందుతో పొట్ట మొద్దుబారాలి. ఇది సుఖం కోసం కాదని, గట్టిగా దగ్గగలిగితేనే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరదని ఆమె విడమరిచి చెప్పింది. కోసిన కాలేయం మీద బలమైన నొప్పి మందులు మోపలేమని కూడా చెప్పింది. ఓబులేసు అన్నిటికీ తలూపాడు.

ఆపరేషనయ్యాక నర్సు వచ్చి, "పెద్దాయనా, పదికి ఎంత నొప్పుండాది?" అని అడిగింది.

ఓబులేసు చిక్కులో పడ్డాడు. ఈ బేరంలో తనది ఏ పక్షం? నొప్పిని అమ్ముకునేవాడు లోకంలో లేడు కాబట్టి తాను కొనేవాడే అయ్యుండాలి. ఉన్నది ఏడు. మూడన్నాడు. నర్సు సంతోషించి రాసుకుని పోయింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా మూడే. వీపు కింద దుప్పటి తడిస్తే చెమటనుకున్నాడు.

మర్నాటికి ఊపిరి సగంలోనే తెగుతోంది.

"ఏమయ్యో, దగ్గమంటే పిల్లికూన మాదిరి మూలుగుతాండావు. మూడంటివే?" అంది భార్య ఉరుకుందమ్మ. ఆమే పోయి డాక్టరును పిలుచుకొచ్చింది.

సుజన ఐసుముక్క పొట్టకు ఆనించి, చల్లగా ఉందా అని అడిగింది. ఎక్కడ పెట్టినా చల్లగానే ఉంది. మొద్దుబారాల్సిన చోట చల్లదనం తెలుస్తోంది. ఆమె ఆయన్ను పక్కకు తిప్పి చూసింది. గొట్టం జారి ఉంది. మందంతా పరుపు తాగింది.

"నిన్న చెప్పుంటే నిన్ననే ఇంకోటి వేసేదాన్ని. ఈరోజు మీ రక్తం సరిగ్గా గడ్డకట్టడం లేదు. కాలేయం కోస్తే ఇట్లే అవుతుంది. ఇప్పుడు వెన్నులో సూది దించితే లోపల రక్తం చేరి కాళ్ళు పడిపోవచ్చు" అంది.

మరి వేరే దారి లేదా అని ఉరుకుందమ్మ అడిగింది. పొట్టగోడలోకి మందు ఎక్కించి చూస్తానని, అది సగమే ఆదుకుంటుందని, మిగతా సగం ఓర్చుకోవాల్సిందేనని సుజన చెప్పింది. కుడివైపు నెమ్ము అప్పటికే మొదలైందన్న మాట మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. అయినా ఆయనకు వినపడింది.

"ఇప్పుడెంత?" అని సుజన అడిగింది.

ఓబులేసు దుప్పటి కిందినుంచి చెయ్యి చాపి ఆమె వేళ్ళు పట్టుకున్నాడు. ధైర్యం కోసమనుకుని సుజన ఆ చేతిని నిమిరింది.

"ఆ వేళ్ళ లెక్కలు ఆయమ్మకేం తెలుసు? నోరు తెరిచి చెప్పు" అంది ఉరుకుందమ్మ.

ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు. "తొమ్మిదమ్మా" అన్నాడు.

కోత లేదు, పెంపు లేదు. నలభై ఏళ్ళ వృత్తిధర్మం ఆ మంచం మీద నేలమట్టమైంది. సుజన ఆ అంకె రాసుకుంది.

ఆ వార్డులో ఆ పూట తొమ్మిదని చెప్పినవాళ్ళు అప్పటికే ఇంకో ఇద్దరున్నారు. ఓబులేసు తొలి నిజం ఆ వరుసలో మూడోదైంది.