కొమురవ్వ చెప్పిన ఆకాశం టేషన్

రండి, కొంచెం జరిగి దగ్గరగా కూర్చోండి. చాప చాలకపోతే ఆ గోనెసంచి పరుచుకోండి. చేతిలో పని ఉంటే మానక్కరలేదు. కొమురవ్వ చెబుతున్నప్పుడు మేమూ చింతపండులోంచి గింజలు తీస్తూనే విన్నాం.

పొద్దున లేచి నల్లా తిప్పి ఖాళీ బిందె కింద పెడతాను. మొదటి ధార అడుగున తగిలి టంగుమంటుంది. బిందె సగం నిండేసరికి ఆ చప్పుడు అణిగిపోతుంది గానీ, అప్పటికే నా మనసు ఆలేరు రైలుపట్టాల పక్కన మా పాత వాడలో నిలబడి ఉంటుంది. ఖాళీ బిందె మోగితే నాకు ఆమె గుర్తుకు రాని రోజు లేదు. ఎందుకో చెబుతాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వాడకు ఇంకా నల్లాలు రాలేదు. బోరు నీళ్లు ఫ్లోరైడు నీళ్లు, పశువులకు, బట్టలకు తప్ప పనికిరావు. అవి తాగి తాగి పెద్దవాళ్ల కీళ్లు బిగుసుకుపోయేవి, పిల్లల పళ్లు గారపట్టేవి. తాగడానికి ట్యాంకరే దిక్కు. అది వచ్చిన రోజు పండగ, రాని రోజు ఉపవాసం. ఆ ట్యాంకరు దగ్గర వంతు చూసేది మా పక్కింటి కొమురవ్వ. మేకలు కాసి బతికిన మనిషి. మేకలు తోలిన కట్టెతోనే ఆమె బిందెలనూ నడిపేది. కట్టె ఏ బిందెను చూపితే పైపు ఆ బిందెలోకే. ఇన్ని బిందెల్లో ఎవరిది ఏదో ఎట్లా పోలుస్తావని అడిగితే నవ్వేది.

“మేక మొఖం ఎరికైనదానికి బిందె మొఖం ఎరిక కాదా పిల్లా?”

బాలింత ఉన్న ఇంటి బిందె మొదట. తరువాత రోగి ఉన్న ఇల్లు. ఆ తరువాత వచ్చిన వరుస. తన బిందె ఎప్పుడూ చివర. ఇదే ఆమె చట్టం.

ఒక సాయంత్రం మా బిడ్డ స్వప్న గడపలో కూర్చుని బడి పుస్తకం గట్టిగా చదువుతోంది. అందులో స్పేస్ స్టేషన్ అన్న మాట గోడ అవతల మేకలకు ఆకు వేస్తున్న కొమురవ్వ చెవిన పడింది.

“ఏం టేషన్ బిడ్డా అది?”

“ఆకాశంల ఉంటదవ్వా. మనుషులు అండ్లనే ఉంటరు.”

“మన ఆలేరు టేషన్ అసొంటిదేనా?”

“కాదవ్వా! గక్కడ రైళ్లుండయి.”

“రైళ్లు లేకుంటే టేషన్ ఎందుకే? మీ సారు మర్చిపోయిండు. రైళ్లుంటయి, మబ్బుల చాటుకు మనకు కనవడయి, అంతే.”

స్వప్న పుస్తకంలో బొమ్మ చూపించింది. కొమురవ్వ ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “గీ రెక్కలున్నది ప్లాట్‌ఫారం” అని తేల్చింది. మరునాటి నుంచి మా వాకిట్లో ఆకాశం టేషన్ కథ మొదలైంది. పొద్దు గూకే వేళకు వాడ పిల్లలంతా చేరేవారు. ఆ టేషన్‌లో గంట ఉంది, పల్లీలమ్మే ముసలమ్మ ఉంది. చందమామ నుంచి వచ్చే ప్యాసింజరు ఆగుతుంది. సూర్యుడి దిక్కు పోయేది ఎక్స్‌ప్రెస్సు, అది ఆగదు. నీళ్లెక్కడివని ఒకరు అడిగితే, “ట్యాంకరస్తది. యాడికైనా ట్యాంకరే గదా” అనేది.

నవ్వించడానికే మొదలుపెట్టినా, పోను పోను ఆ కథ ఒక సర్కారు కథ అయింది. ఆ టేషన్‌లో ఒక బంగారు జమానా నడిచిందని చెప్పేది.

“కింద సర్కారు ఖరాబైతే మనం మోత్కూరుకో రామన్నపేటకో పోయి బతుకుతం. పైన ఖరాబైతే యాడికి పోతరు? దునికితే కిందవడ్తరు. అందుకే గక్కడ పనికి మనిషిని పెడ్తరు గని, మనిషికి పని పెట్టరు. దొర కొడుకు దొర కాడు. ఎవరితోని అయితే వాళ్లదే కుర్చీ.”

“ఎవరితోని అయితదో ఎట్ల ఎరుకైతదవ్వా?” అని పిల్లలు.

“పరీక్ష పెడ్తరు. నీళ్లు పంచేటామెను ఎట్ల ఎంచిండ్రో చెప్పుండ్రి సూద్దాం. దూపతోని నాలుక పిడచగట్టిన ముగ్గురాడోళ్ల చేతుల్ల నిండు బిందెలు పెట్టిండ్రు. ఒకామె గటగట తాగింది. ఒకామె చుక్క గూడ ముట్టకుంట అందరికి పోసింది. ఇంకొకామె ఒక్క చెంబు తాగి, మిగిలినయి పంచింది. ఎవరు నెగ్గిండ్రు?”

“చుక్క ముట్టనామె!” అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

“మీ మొఖం! తాగకుంటే కండ్లు తిరిగి పడ్తది. పడ్డది ఏం పంచుతది? చెంబు తాగినామెనే నెగ్గింది.”

ఆ సర్కారులో అన్నిటికంటే పెద్ద గౌరవం కుర్చీ ఎక్కడం కాదట, దిగడమట. పని చేతకానప్పుడు ఎవరికి వారే లేచి నిలబడి “ఇగ నాతోని కాదు” అనాలి. అన్న మరుక్షణం టేషనంతా ఎవరి చేతిలో ఏది ఉంటే అది, గిన్నె గానీ బిందె గానీ తట్ట గానీ, మోగిస్తారు. పెళ్లికి కూడా అంత మోత ఉండదట. మాకు ఈ మాట వింతగా ఉండేది. ఎందుకంటే మా దిక్కు “నాతోని కాదు” అనేది సోమరిపోతు మాట. అత్త ముందు కోడలు ఆ మాట అంటే వారం రోజులు చెప్పుకునేవారు.

నేను మూడో తరగతి దాటలేదు. కానీ విన్నది మరిచిపోను. అది మొదట కనిపెట్టింది కొమురవ్వే. నిన్న కథ ఎక్కడ ఆగిందో పిల్లలు తలా ఒకటి చెబుతుంటే, నేను పొయ్యి దగ్గర నుంచే ఆమె ఆపిన మాట ఆపినట్టు చెప్పాను. ఆమె నా వైపు తిరిగి, “లచ్చవ్వా, టేషన్ల నీకు గూడ కొలువు దొరికింది. యాది పెట్టేటిది నువ్వు. నేను మర్చిపోతే నువ్వు పట్టుకోవాలె” అంది. అత్తగారింట్లో అప్పటిదాకా నాకు చెప్పిన పనులే తప్ప, నా వల్ల అవుతుందని ఎంచి ఎవరూ ఏ పనీ ఇవ్వలేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే మా ఆయన, “ఏంది, ఒక్కదానివే నవ్వుతున్నవ్?” అని అడిగాడు. నాకు కొలువు వచ్చిందన్నాను. ఆయన అయోమయంగా చూసి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

అట్లా ఉండగా కొమురవ్వ కళ్లకు పొరలు కమ్మాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. కానీ అందరికీ తెలుసు. ట్యాంకరు దగ్గర కోడలు భాగ్య ఆమె వెనకే నిలబడి, “ఎర్ర పేలిక కట్టింది లచ్చక్కదత్తా, సొట్టవడ్డది సత్తెమ్మది” అని చెవిలో చెప్పేది. కట్టె అటు తిరిగేది. మేం తలలు వంచుకునేవాళ్లం. ఏళ్ల తరబడి ఒక్క చుక్క అటు ఇటు కాకుండా పంచిన మనిషిని నీకు కనబడదని ఎట్లా అంటాం? ఆ కట్టె తప్ప ఆమెకు ఇంకేముంది?

ఆ ఎండకాలం మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, కాన్పుకు వచ్చి మా ఇంట్లోనే ఉంది. పసిగుడ్డుకు అప్పటికి ఇంకా పురుటి స్నానం కూడా కాలేదు. ఆ రోజు ట్యాంకరు సగమే నిండి వచ్చింది. భాగ్య ఊళ్లో లేదు. కొమురవ్వ ఒంటరిగా నిలబడి, వేళ్లతో బిందెలు తడిమి, సొట్ట చేతికి తగలక, మాదేననుకుని సత్తెమ్మ సొట్టబిందెను ముందుకు జరిపింది. బాలింతదని మేం పెట్టిన బిందెను వెనక్కి నెట్టింది. అక్కడే ఉన్న నేను చూపు ట్యాంకరు మీదికి తిప్పుకున్నాను. సొట్టబిందె నిండింది. వరుస నడిచింది. మా వంతు వచ్చేసరికి పైపులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు సత్తెమ్మ అందుకుంది. వాడలో పెద్ద నోరు ఆమెదే. వరుసలో దూరబోయి కొమురవ్వ చేత ఎన్నోసార్లు తిట్లు తిన్న మనిషి.

“అవ్వా! నీకు కండ్లు కనవడ్తున్నయా లేదా? ముందుగాల నింపింది నా బిందె. బాలింతది ఎన్కకు పెట్టినవ్.”

అందరూ ఆమె మీద పడ్డారు. “నీ బిందె నిండినంక నీకెందుకే లొల్లి? పెద్దమనిషిని గట్లంటవా?”

“నిండిందనే చెప్తున్న! నిండకపోతే అప్పుడే మొత్తుకుందును” అని, సత్తెమ్మ ఆ బిందె తెచ్చి మా గడపలో దబ్బున పెట్టి, తిట్టుకుంటూ పోయింది. కొమురవ్వ కట్టె పట్టుకుని గోడవారగా ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం కథకు రాదనుకున్నాం. వచ్చింది. స్వప్న అడిగింది, “అవ్వా, బంగారు జమానా ఎట్ల అయిపోయింది?” కొమురవ్వ కట్టెను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

“టేషన్ల గంట కొట్టే మాస్టరు ఒకాయన ఉండె. రైలు సప్పుడు అందరికన్న ముందుగాల ఆయనకే ఇనబడేది. ముసలోడైనంక చెవులు వోయినయి. పెండ్లాం ఎన్క నిలవడి, వీపు మీద తట్టి చెప్పేది. తడితే గంట కొట్టేటోడు. అందరికి ఎరికే. మర్యాద కొద్ది ఎవ్వరు నోరు మెదపలే.”

“మరి ఏం చేసిండు?”

“ఏం చేసిండో యాదికొస్తలేదు బిడ్డా.”

ఆమె నా వైపు తిరిగింది. యాది పెట్టేది నేనే గదా. కానీ ఆ కథ నాకు ఆమె ఎన్నడూ చెప్పలేదు. “నువ్వే చెప్పాలె అవ్వా” అన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది.

మళ్లీ ట్యాంకరు వచ్చిన పొద్దున కొమురవ్వ అందరికంటే ముందే వచ్చి నిలబడింది. భాగ్య వెనక నిలబడబోతే పక్కకు జరిపింది. బిందెలన్నీ వరుసలో పెట్టేదాకా ఆగింది. తరువాత కట్టెను నేల మీద ఆనించి, పిల్లలకు కథ చెప్పే గొంతుతోనే అంది.

“ఇగ నాతోని కాదు.”

ఎవరూ కదల్లేదు. భాగ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వరుసలో ఎక్కడో ఒక ఖాళీ బిందె టంగుమంది. చూస్తే మా స్వప్న, అరచేత్తో బిందె కొడుతోంది. పక్కన ఇంకో పిల్ల అందుకుంది. కథ విన్న పిల్లలంతా ఒకరి వెంట ఒకరు మోగించారు. నేనూ కొట్టాను. చివరికి తల్లులు, ముసలివాళ్లు, అందరూ. సంగతేమిటో తెలియని ట్యాంకరు డ్రైవరు కూడా హారను కొట్టాడు. కొమురవ్వ తల కొంచెం పక్కకు వంచి, ప్రతి చప్పుడూ ఎవరిదో పోలుస్తున్నట్టు వింది.

మోత ఆగాక కట్టె చాచింది. కోడలికి ఇస్తుందనుకున్నాం.

“సత్తెమ్మ యాడున్నది? ఇటు రావే నోటిదానా. ఇంతమందిల నా తప్పు నాకు చెప్పింది నువ్వొక్కదానివే. అది గూడ నీ బిందె నిండినంక. పట్టు.”

సత్తెమ్మ చేతులు చీరకు తుడుచుకుని కట్టె అందుకుంది. ఆ రోజు మొదటి బిందె మాదే నింపింది, చివరి బిందె తనది.

తరువాత మేమే కొమురవ్వను దవాఖానకు తీసుకుపోయి పొరలు తీయించాం. నల్లద్దాలతో తిరిగివచ్చాక, కట్టె మళ్లీ తీసుకోమన్నాం. “సత్తెమ్మతోని అయితున్నది గదా! అయ్యేదాన్ని దింపుతరా? గదేం సర్కారు?” అని మమ్మల్నే కసిరింది. స్వప్న మాత్రం పాత ప్రశ్న వదల్లేదు. బంగారు జమానా ఎప్పుడు అయిపోయిందని అడిగితే కొమురవ్వ నవ్వింది. “నాతోని కాదు అనుడు ఎవడు బందు పెడ్తడో గా దినం అయిపోతది. ఇంక కాలే బిడ్డా. పైన గంట మోగుతనే ఉన్నది.”

ఇంటింటికీ నల్లాలు వచ్చిన తరువాతి చలికాలంలో ఆమె పోయింది. స్వప్న ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మొన్న సకినాలు చుడుతుంటే నా వేళ్లు వణికాయి. పిండి తీగ రెండుసార్లు తెగింది. మూడోసారి ముద్దను కోడలి చేతిలో పెట్టి, “ఇగ నాతోని కాదు బిడ్డా” అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. మూలన ఆడుకుంటున్న మనవరాలు మాత్రం, ఈ కథ నా దగ్గర ఎన్నిసార్లు విన్నదో, గంటె అందుకుని పిండి గిన్నె మీద టంగుమని కొట్టింది. కోడలు చుట్టిన సకినం నా దానికంటే గుండ్రంగా వచ్చింది. కథ మాత్రం ఇంకా నాతోని అవుతోంది, అందుకే చెబుతున్నాను.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంటి బిందె వట్టిపోకుండా ఉండాలి. మీ ఇంట్లో తప్పు చెప్పే నోరు ఒకటి, దాన్ని వినే చెవి ఒకటి ఎప్పుడూ ఉండాలి. మీ పెద్దలు దిగే రోజున మీ పిల్లల చేతుల్లో గిన్నెలు మోగాలి. సల్లగా ఉండండి.