గంజి పెట్టిన టోపీ

సంసోను కన్నతల్లిని కడుపు మాడ్చి చంపాడని గల్లీలో చెప్పుకున్నారు. ఊరి పక్క చిమ్కోడులో ఆమె పేర అరెకరం ఉందట. హైదరాబాదులో భూముల ధరలు మండిపోతున్న ఏళ్లవి. ఆ మంట మా బీదరు దాకా పాకింది. ఎవరెవరో కార్లలో వచ్చి చెలకల్లో నిలబడి, చేతులు చాచి ఇక్కడినుంచి అక్కడికి అని చూపించుకుంటున్నారు. సంసోను రోజూ మధ్యాహ్నం చచ్చిన తండ్రి టోపీ పెట్టుకుని, ముసలిదాన్ని దయ్యంలా బెదిరించి వేలిముద్ర అడుగుతాడట. వేయనంటే కూడు పెట్టడట. కిరాణా దుకాణం విమలాదేవి ఈ మాటను తన కళ్లతో చూసినట్టే చెప్పేది.

టోపీ పెట్టుకోవడం మాత్రం నిజం.

సంసోనుది ఇస్త్రీ బండి. తండ్రి సిలాసు చర్చి ఉపదేశి, ఊరూరా ప్రార్థనలు నడిపేవాడు. మిషన్ దవాఖానా దొర దేశం వదిలి పోతూ ఆయనకు తన బూడిద రంగు ఉన్ని టోపీ ఇచ్చిపోయాడు. నేసిన గుడ్డ కాదది, ఉన్నిని తడిపి ఒత్తి చేసిన దళసరి టోపీ. అది పెట్టుకుని సిలాసు సైకిలు మీద దుబల్గుండి దాకా ప్రార్థనలకు తిరిగేవాడు. ఎంత పొద్దుపోయినా ఆయన రాకముందు భార్య హేబ్సిబ మెతుకు ముట్టేది కాదు. వచ్చీరాగానే టోపీ తీసి ఆమె చేతుల్లో పెట్టేవాడు. కాళ్లు కడుక్కుని, ప్రార్థన చేసి, అప్పుడు ఇద్దరూ తినేవారు.

సిలాసు పోయి పద్దెనిమిదేళ్లయింది. రెండేళ్లనుంచి హేబ్సిబకు ఆ సంగతే గుర్తులేదు. కళ్లకు పొరలు కమ్మాయి. కంచం పెడితే పక్కకు నెట్టి, "అయ్య ఇంక రాలే" అనేది. కోడలు సారా బతిమాలి బతిమాలి ఏడ్చేది. ఒకరోజు ఏ దారీ తోచక సంసోను మేకుకున్న టోపీ తీసి పెట్టుకుని, వెళ్లి ఆమె చేతుల్లో ఉంచాడు. ముసలి వేళ్లు అంచు చుట్టూ మెల్లగా నడిచాయి.

"వచ్చినవా అయ్యా? కాళ్లు కడుక్కో."

ఆ పూట కడుపునిండా తిన్నది. అప్పటినుంచి రోజూ అదే వరస. తల్లికి మతి చెడిందని పదిమందిలో చెప్పడానికి సంసోనుకు నోరు రాలేదు.

"ఏం సంసోనూ, దొరలెక్క తయారైతున్నవ్! రిజిస్ట్రేషన్ ఎప్పుడు?" అని విమలాదేవి దుకాణంలోంచి అడిగితే, "ఏం లేదమ్మా" అని తల దించుకుని బొగ్గులు విసురుకునేవాడు.

ఆ ఏడు తొలకరి వానకు రేకులు కారి టోపీ తడిసింది. అంచు నానిన అప్పడంలా వేలాడింది. అమ్మ గుర్తుపట్టదేమోనని సంసోను భయపడ్డాడు. వాలిపోయినదాన్ని నిలబెట్టడానికి అతని చేతులకు తెలిసిన మందు ఒక్కటే. గంజిలో ముంచి, చెంబు మీద బోర్లించి, ఎండలో పెట్టాడు. పైనుంచి ఇస్త్రీ కూడా పట్టాడు. టోపీ చెక్కలా బిగుసుకుంది.

హేబ్సిబ దాన్ని అటూ ఇటూ తడిమింది.

"ఇదేంది, రొట్టెల పెనమా? మా అయ్యది మెత్తగుంటది. ఎవర్రా నువ్వు? ఉపదేశి ఇంట్ల లేడు. పొద్దుగూకినంక రా."

కంచం నెట్టేసింది.

"పదిమంది అంగీలకు పెట్టినట్టు దానికి గూడ పెడ్తివి! ఎవరు పెట్టమన్నరు నిన్ను?" అని సారా నెత్తి కొట్టుకుంది.

సంసోను టోపీ పట్టుకుని చౌబారా బురుజు దగ్గరి నన్నేసాబు ఇంటికి పరిగెత్తాడు. వెనకటి రోజుల్లో కుచ్చుల రూమీ టోపీలను కాలిబు మీద, అంటే తల ఆకారం అచ్చు మీద, ఎక్కించి బిగించిన చేయి ఆయనది.

"తౌబా! ఉన్నికి గంజా? జబర్దస్తీగ వంచకు, పలుగుతది. ఆవిరి చూపియ్. మెత్తబడ్డకాడ బురుషు పట్టు, ఒకటే దిక్కు. వారం దినాలు పడ్తది."

"వారం లేదు సాబ్. మా అమ్మ తింటలేదు."

ముసలాయన లోపలికి వెళ్లాడు. కట్టె కాలిబు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "తీస్కపో. ఇప్పుడు టోపీలు పెట్టేటోళ్లెవరు?"

బండి మీద ఊరి బట్టలు ముడతలతోనే పడున్నాయి. సంసోను కెటిల్ ముందు కూర్చున్నాడు. ఆవిరికి జానెడు దూరంలో టోపీని తిప్పుతుంటే గంజి చుండ్రులా తెల్లగా పైకి తేలేది. బురుషుతో రాల్చేవాడు. పిండిన వేడి గుడ్డతో అద్దేవాడు. మళ్లీ ఆవిరి. లోపలి తోలు పట్టీకి వేలితో కాస్త నూనె రాశాడు. రెండో రోజు తొందరపడి అంచును వంచాడు. చిటుక్కుమని ఒకచోట పగిలింది. ఆ చప్పుడుకు లోపలినుంచి, "అయ్య వచ్చిండా?" అని తల్లి గొంతు. అతను టోపీని మళ్లీ ఆవిరికి పట్టాడు.

సారా పోసిన జావ పెదవి పక్కనుంచి కారిపోయేది. దవాఖానాకు తీసుకెళితే సెలైను ఎక్కించి ఇంటికి పంపారు.

ఐదో రోజుకు కాలిబు మీది టోపీ మెత్తబడింది. సంసోను దాన్ని తల్లి చేతుల్లో పెట్టాడు. వేళ్లు అంచు చుట్టూ నడిచి, పగులు దగ్గర ఆగాయి. వేళ్లు పగులు దాటి ముందుకు సాగాయి.

"ఇయ్యాల ఇంత లేటైందేందయ్యా?"

"తొవ్వల వాన పట్టిందే."

"నువ్వు తిను. నా ఆకలి సచ్చిపోయింది."

ఒక్క ముద్ద పెట్టాడు. అది నోట్లోనే ఉండిపోయింది. గురువారం తెల్లారి చూస్తే టోపీ ఆమె ఒళ్లోనే ఉంది, ఆమె లేదు.

శవపెట్టె ఎత్తేవేళకు గల్లీ మొదట్లో ఒక కారు ఆగింది. విమలాదేవి చెయ్యి చూపిస్తే, అందులోని మనిషి సంసోను దగ్గరికి వచ్చాడు.

"ఇది సమయం గాదు గని అన్నా, చిమ్కోడు జాగ ఎవరి పేర ఉన్నది?"

"మా ఎంబడి రా. గాడికే పోతున్నం" అన్నాడు సంసోను.

ఆ అరెకరాన్ని సిలాసు ఉపదేశి ఇరవై రెండేళ్ల కిందటే సమాధుల తోట కోసం చర్చి సంఘానికి రాసిచ్చాడు. అందులో మొదటి సమాధి ఆయనదే. హేబ్సిబది పన్నెండోది.