జనంతో ఆయ్ అనిపించుకున్న టీచరుగారు

మొన్న ఆదివారం పొద్దున్న అమలాపురం నుంచి ఫోనొచ్చింది. రత్నమణి టీచరుగారు నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరుకున్నారని చెప్పేరు. "ఏ రత్నమణిగారండీ?" అని అడిగేను. ఏళ్ళ తరబడి ఒకే స్టాఫ్‌రూములో నా ఎదురుగా కూర్చున్న మనిషి గురించి అలా అడిగేనంటే, ఆ పిడుగులాంటి వార్త నా చెవికెక్కింది గాని మనసుకెక్కలేదు.

మా మలికిపురంలో ఆవిడ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆగస్టు పదిహేను. స్వాతంత్ర్యం సిద్ధించిన రాత్రి మన తొలి ప్రధాని చేసిన చరిత్రాత్మక ప్రసంగాన్ని తెనిగించుకుని, కంఠస్థం చేసి, ఏటా సెంటర్లో కొబ్బరాకుల పందిరి కింద ఆవిడే ఆయనై పలికేవారు. ఆ వేషం చూసి తీరాలి. భర్తగారి పెళ్ళికోటు చీరమీద తొడుక్కుని, పొడుగైన కోటు చేతులు రెండు మడతలు పెట్టేవారు. ఓ ఏడు గులాబీ దొరక్క మందారం గుచ్చుకున్నారు. ఇదేం విడ్డూరమండీ అని నేను ఎగతాళి చేస్తే, "కోనసీమకొస్తే ఆయనైనా మందారమే పెట్టుకోవాలి కదండీ" అన్నారు.

అసలు విశేషం వేషం కాదు. మావాళ్ళకి ఎవరేం చెప్పినా ఊరికే కూర్చుని వినడం చేతకాదు. కొబ్బరి దింపువాళ్ళూ, చేపల బుట్టలు పక్కన పెట్టుకున్న ఆడవాళ్ళూ, గల్ఫునుంచి సెలవుకొచ్చినవాళ్ళూ, అందరూ వాక్యం వాక్యానికీ అవునండీ అన్నట్టు ఆయ్ అనేవారు. దేశానికి స్వేచ్ఛ వచ్చిందంటే పెద్ద ఆయ్. ఇక మీదట కష్టపడి పని చెయ్యాలంటే కాస్త చిన్న ఆయ్. ఆ ధీరగంభీర వాక్ప్రవాహం మా ఆయ్‌ల మీదుగా సాగుతుంటే నవ్వూ వచ్చేది, ఒళ్ళూ గగుర్పొడిచేది.

ఒక ఏడు, కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారి ఒకాయన ఈ సంగతి విని కోప్పడ్డారు. మహనీయుడి ప్రసంగం మధ్య ఈ ఊకొట్టడాలేమిటన్నారు. ఈసారి ఎవరైనా నోరు మెదిపితే వచ్చే ఏటినుంచి ఆవిడ బదులు ఆ ప్రసంగం క్యాసెట్టు పెట్టించేస్తానని ముందే హెచ్చరించేరు. టీచరుగారి ముఖం పాలిపోయింది. ఏడాదంతా ఆ ఒక్కరోజు కోసం ఎదురుచూసే మనిషండీ. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

జనం మర్యాదస్తులు. ఆవిడ ప్రసంగం పోకూడదని నోళ్ళు కుట్టేసుకు కూర్చున్నారు. ఆవిడ మొదటి వాక్యం చెప్పేరు. ఎవరూ పలకలేదు. రెండోది చెప్పేరు. చీమ చిటుక్కుమనలేదు. ఇంక మూడోది రాలేదు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగల ఆ చదువుల సరస్వతి, మైకు ముందు నిలబడి దిక్కులు చూస్తున్నారు.

చివరికి అధికారివైపు తిరిగి చేతులు జోడించి, "అయ్యా, ఆయన గోడకి చెప్పలేదండీ, జనానికి చెప్పేరు. వీళ్ళు పలక్కపోతే నాకు తరవాతి మాట రాదండీ" అన్నారు.

పందిరంతా ఒక్క గొంతుతో ఆయ్ అంది. అధికారిగారు నవ్వాపుకోలేక కానివ్వమని చెయ్యి ఊపేరు. ఆ రోజు ఆవిడ పలికిన తీరు న భూతో న భవిష్యతి. ఆఖరి వాక్యానికి అధికారిగారు కూడా ఆయ్ అన్నారు. పక్కనే ఉన్నాను, చెవులారా విన్నాను. క్యాసెట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

క్లాసులోనూ ఆవిడ ధోరణి అదే. పిల్లలు బదులు పలక్కపోతే తప్పు పాఠానిది కాదు, మనదేనండీ అనేవారు.

ఈ ఆగస్టుకి ఆ ప్రసంగం నన్ను చెప్పమని కమిటీవారు వచ్చేరు. విని విని నాకూ కంఠతా వచ్చింది, సరేనన్నాను. టీచరుగారూ, నమస్కరించి మీ స్థానంలో నిలబడతానండీ. నేనెంత చెడగొట్టినా మనవాళ్ళు పలుకుతారు. ఇంక మీరే పలకరు.