గుండకు మందు పెట్టిందెవరు

మా తోడికోడలు చిక్కతాయమ్మకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. పెళ్లిలో అందరూ అక్షింతలు వేస్తుంటే, మెడలో పడ్డ తాళిని పంటి కింద పెట్టి కొరికి చూసింది. బంగారమేనని తేలాకే తలెత్తి మా బావగారి మొహం చూసింది. పాపం, ఆయన బతికున్నన్నాళ్లూ ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేవారు.

మద్దూరు సంతకు ఆవిడతో వెళ్లడమంత శిక్ష ఇంకోటి లేదు. వంకాయలు గోనె అడుగునుంచి తీసివ్వమంటుంది. తీసిస్తే, "ఇవెందుకు దాచిపెట్టావు?" అంటుంది. పాలవాడు ఎదురుగా పితికినా చెంబులో ముందే నీళ్లున్నాయేమోనని తొంగిచూస్తుంది. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉంటున్నాం మేము. నా పొయ్యి మీద ఉలవచారు పొంగితే తన ఉలవలు తగ్గాయేమోనని వెళ్లి డబ్బా మూత తీస్తుంది. నాకు ఒళ్లు మండిపోయేది. అయినా మనిషి చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే రాత్రంతా మంచం పక్కన కూర్చునేది, నిజంగా జ్వరమేనా అని మధ్యమధ్యలో నుదురు తాకి చూస్తూ.

మా ఊరి చింతచెట్ల మీద ఏటా చలికాలంలో గూడబాతులు, ఆ సంచిముక్కు పక్షులు, గూళ్లు పెట్టడానికి దిగుతాయి. పురిటికొచ్చిన ఆడపిల్లలంటాం వాటిని. పురిటికొచ్చిన పిల్లను పొమ్మనేవాళ్లుంటారా? గూళ్లున్న చెట్టు కాయలు ఆ ఏడు ఎవరూ దులపరు. తాయమ్మ కొత్తకోడలిగా వచ్చినప్పుడు మాత్రం అత్తగారిని నిలదీసింది.

"ఏ ఆడపిల్లత్తా పుట్టింటికొచ్చి ఆరేసిన చీరల మీద రెట్ట వేసేది?"

"నీకు పిల్లలు పుట్టాక తెలుస్తుందిలే, ఎవరు ఎక్కడ వేస్తారో," అంది మా అత్తగారు.

మా దొడ్డిగోడకు అవతలిది జవరేగౌడ ఇల్లు. ఆయన చింతచెట్టు సగం మా దొడ్డి మీదికే వాలి ఉంటుంది. ఊరంతటికీ ఎక్కువ గూళ్లు ఆ చెట్టు మీదే. ఒక పొద్దున ఆ కొమ్మల్లోంచి ఒక గూడబాతు పిల్ల మా పేడకుప్ప మీద దబ్బున పడింది. తాయమ్మ పరుగెత్తుకొచ్చి ముందు పిల్లను చూడలేదు, గోడవైపు చూసింది. "ఎవరు విసిరారు దీన్ని?" అంది.

పడ్డ పిల్లను తల్లి కిందికొచ్చి సాకదు. మనమే సాకాలి. పాత చేపలవల ఒకటి గొడ్లపాకకు చుట్టి దానికో ఇల్లు చేశాం. తాయమ్మ దానికి గుండ అని పేరు పెట్టింది. కాకరకాయంత మెడ, దూదిలాంటి నూగు, మొహమంతా ముక్కే. ఆ ముక్కు కింద సంచి చేపలు దాచుకోవడానికని చాలామంది అనుకుంటారు. అది సంచి కాదు, వల. నీళ్లతో సహా చేపను తోడుకుని, నీళ్లు వొంపేసి, చేపను మింగేస్తుంది. ఇంకో విడ్డూరం, పెద్ద గూడబాతులు నోరే విప్పవు, పిల్లలు మాత్రం నూనె వేయని బావిగిలకలా రోజంతా అరుస్తాయి. "పెద్దయ్యాక నోరు మూసుకునే జాతి ఇదొక్కటే, చూసి నేర్చుకో," అని తాయమ్మ నాతో అంది. తగలాల్సినవాళ్లకు తగల్లేదని నేను ఊరుకున్నాను.

వారం బాగానే గడిచింది. ఆ తర్వాత గుండకు మూర్ఛ మొదలైంది.

నేను కళ్లారా చూశాను. నిలబడ్డ పిల్ల ఉన్నట్టుండి నేలమీద పడింది. రెక్కలు టపటపా కొట్టుకుంటూ, తన రెక్కను తానే కొరుక్కుంటూ, మట్టిలో గిరగిరా తిరిగింది. తర్వాత మెడ వాల్చేసింది. తాయమ్మ గుండెలు బాదుకుంటూ దాని నోట్లో చేప పెట్టింది. గుటుక్కున మింగి లేచి కూర్చుంది. మరునాడు పొద్దున మళ్లీ అంతే. ఆ మరునాడూ అంతే.

"నా చేతి చలవ వల్ల బతుకుతోంది గానీ, దీనికెవరో మందు పెడుతున్నారు సాకమ్మా," అంది నాతో గుసగుసగా.

"పక్షికి మందెవరు పెడతారక్కా? ఎండదెబ్బేమో."

"నీకేం తెలుసు? నీది గుడ్డినమ్మకం. రోజూ పొద్దున్నే, అదే వేళకు తగిలే ఎండదెబ్బ ఉంటుందా?"

ఆ రోజు నుంచి ఆవిడ కన్ను అందరి మీదా పడింది. ముందు చేపలమ్మే మాదేవిని అనుమానించింది. బతికున్న చేపలే తెమ్మంది. "ఎవరితోనూ అనకు, దిష్టి తగులుతుంది," అని ఒట్టు పెట్టించుకుంది. తర్వాత నన్ను అనుమానించింది. నేను పాకవైపు వెళ్తే వెనకాలే దగ్గుతూ వచ్చేది. చివరికి ఒక సాయంత్రం పాక చుట్టూ పొయ్యిబూడిద పలచగా చల్లింది. తెల్లారి చూస్తే బూడిదలో అడుగులు. టైరు చెప్పుల అడుగులు. ఆ వీధిలో టైరు చెప్పులు తొడిగేది జవరేగౌడ ఒక్కడే.

తాయమ్మ మొహం వెలిగిపోయింది, ఇన్నాళ్లకు ఒక్క అనుమానమైనా నిజమైందని. "ఈ ఏడు చింతపండు ధర బాగుందిగా," అంది. "పక్షులు పోతే కాయ దులుపుకోవచ్చు. ముందు కింద పడ్డదాన్ని చంపి, తర్వాత పైనున్నవాటి పని పడతాడు."

నేను ఆపబోయాను. ఆవిడ అప్పటికే గోడెక్కినంత పని చేసింది. జవరేగౌడ వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

"అన్నా, నోట్లో వేపపుల్ల పెట్టుకుని చేతిలో విషం పెట్టుకునేవాళ్లను నేనెక్కడా చూడలేదు," అంది.

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పుల్ల పారేశాడు. "విషమా? నేనా? ఆ పాక చుట్టూ తెల్లటి పొడి చల్లింది ఎవరమ్మా? నా కళ్లతో చూశాను. పిల్ల రోజూ ఎందుకు కొట్టుకుంటోందో ఇప్పుడు తెలిసింది."

"అది పొయ్యిబూడిద."

"నువ్వు చెప్తే నమ్మాలా? ఎవర్నీ నమ్మనిదానివి నువ్వు."

జనం పోగయ్యారు. మా ఊళ్లో పురిటిపిల్లను చంపినవాడనే పేరు వస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి నీళ్లు ముట్టరు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. గుంపులో ఇద్దరు ముగ్గురు అప్పుడే టైరు చెప్పులవైపు చూడటం మొదలుపెట్టారు. ఒకడు, "ఈ ఏడు ధర బాగుంది నిజమే," అని గొణిగాడు. మాట గొణిగేవాడికి తేలికే, మోసేవాడికే బరువు.

జవరేగౌడ మొహం నల్లబడిపోయింది. "చెడ్డపేరు ఎలాగూ పెట్టారు కదా, పని కూడా చేసేస్తా," అని కట్టెలు కొట్టే సిద్దయ్యను పిలిపించాడు. "మొదలంటా కొట్టెయ్. ఈ చెట్టుంటేనే కదా ఈ మాట."

చెట్టు మీద ప్రతి గూట్లోనూ పిల్లలున్నాయి. ఒక్కదానికీ ఇంకా రెక్కలు రాలేదు. సిద్దయ్య గొడ్డలి దించి, "గౌడా, ఇంకోసారి ఆలోచించు," అన్నాడు. ఆయన వినలేదు. ఆయన భార్య కాళ్లు పట్టుకున్నా వినలేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. తాయమ్మ గోడ పట్టుకుని ఒకసారి గొడ్డలివైపు, ఒకసారి గూళ్లవైపు చూస్తోంది. ఇంత దూరం వస్తుందని ఆవిడ అనుకోలేదు. అయినా నోరు ఊరుకుంటేనా. "చూశారా, దొరికిపోయాక సాక్ష్యం మాయం చేస్తున్నాడు," అంది. ఆ క్షణాన నాకావిడ నోరు కుట్టేయాలనిపించింది.

సరిగ్గా అప్పుడే మాదేవి నెత్తిన చేపలబుట్టతో మా దొడ్డిలోకి వచ్చింది. పొద్దున్నుంచీ గొడవలో పడి గుండకు మేం తిండి పెట్టలేదు. జనాన్ని చూసి బెదిరి, మాదేవి బుట్టను పాక ముందు దించింది.

గుండ బుట్టను చూసింది. దబ్బున పడింది. రెక్కలు కొట్టుకుంది, తనను తాను కొరుక్కుంది, గిరగిరా తిరిగి మెడ వాల్చేసింది.

అందరి చూపూ మాదేవి మీద పడింది. ఆమె పైప్రాణం పైనే పోయింది. "నేను ముట్టుకోలేదమ్మా, ఇప్పుడే కదా వచ్చాను," అంటూ ఒక చేప తీసి వలలోకి విసిరేసింది. చచ్చిపోయిన గుండ టక్కున లేచింది. చేపను గాల్లోనే అందుకుని మింగింది. మాదేవి చేతివైపు చూసింది. చేతిలో ఏమీ లేదు. మళ్లీ చచ్చిపోయింది.

ముందు సిద్దయ్య నవ్వాడు. తర్వాత ఊరంతా నవ్వింది. చిన్నప్పుడు సంతలో బెల్లంముక్క కోసం నేలమీద దొర్లని పిల్లలెవరున్నారు? గూళ్లలో ఈ పిల్లలన్నీ తల్లి ముందు ఇలాగే దొర్లి తిండి రాబట్టుకుంటాయట. అంత ఎత్తున ఆకుల చాటున జరిగేది మాలో ఎవరి కంటా పడలేదు, అంతే.

"మరి ఈయన అడుగులెందుకున్నాయి?" అని తాయమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

"ఇంకా దాచి లాభం లేదు," అంది మాదేవి. "రోజూ నాదగ్గర నువ్వూ కొంటున్నావు, గౌడన్నా కొంటున్నాడు. ఎవరితోనూ అనకని ఇద్దరూ ఒట్టు పెట్టించుకున్నారు."

"నా చెట్టు మీంచి పడ్డ పిల్ల," అన్నాడు జవరేగౌడ. "నువ్వు ఎవర్నీ దగ్గరికి రానివ్వవు. తెల్లవారుజామున గోడ దాటి ఒక చేప పెట్టిపోయేవాణ్ని. నా ముందూ అలాగే కొట్టుకునేది. నిన్న నువ్వు పొడి చల్లడం చూశాక నీ పనే అనుకున్నాను."

సిద్దయ్య ఎవరూ చెప్పకుండానే గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. జనం నవ్వుకుంటూ పోయారు. జవరేగౌడ ఒక్కడే నవ్వలేదు.

"ఇన్నేళ్లలో ఆ చెట్టు కాయ ఒక్కటి కూడా నా చారులో పడలేదు తాయమ్మా. వాటికోసమే. నన్ను అలా ఎలా అనుకున్నావు?"

"మరి నువ్వు నన్ను అనుకోలేదా అన్నా?"

"అనుకున్నాను," అని ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ రాత్రి తాయమ్మ ముద్ద ముట్టలేదు. మర్నాడు ఆయన గుమ్మంలోకి వెళ్లి అందరూ వినేలా, "తప్పు నాదే," అని చెప్పి వచ్చింది. నా ఎరుకలో ఆవిడ నోటినుంచి ఆ మాట రావడం అదే మొదలు. ఆయన బయటికి రాలేదు. రెండిళ్ల మధ్య మాట ఆగిపోయింది. పొద్దున ఆవిడ చేప పెట్టేది, సాయంత్రం ఆయన గోడమీంచి వేసేవాడు. గుండ మాత్రం ఇద్దరి దగ్గరా నిజాయితీగా చచ్చిపోతూ, రెండు పూటలా తిని బాగా బలిసింది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున చూస్తే వల ఖాళీ. "ఎవరో ఎత్తుకుపోయారు," అని తాయమ్మ అనలేదు. "ఎక్కడో పడి నాటకమాడుతూ ఉంటుంది, నమ్మేవాళ్లు లేకపోతే ఆకలితో పోతుంది," అని చేప పట్టుకుని బయల్దేరింది. నేనూ వెంట నడిచాను. వీధి చివర చూద్దుము కదా, జవరేగౌడ కూడా చేప పట్టుకుని పొదలన్నీ వెతుకుతున్నాడు. ముగ్గురం మాట్లాడుకోకుండానే చెరువుగట్టు దాకా వెళ్లాం. నీళ్లమీద గూడబాతులు గుంపుగా ఉన్నాయి. ఏది గుండో పోల్చలేకపోయాం. జవరేగౌడ చేప పైకెత్తి ఊపాడు. ఒక్క పక్షీ పడిపోలేదు.

"పెద్దదైపోయింది," అన్నాడు.

తాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఆయన చేతిలో చేపను నీళ్లలోకి వదిలేసి, అన్ని వారాల తర్వాత మొదటిసారి ఆవిడవైపు తిరిగాడు.

"ఏడవకు. ఏడాదికి పురిటికొస్తుందిలే. చెట్టుంది కదా."

"ఉంది అన్నా," అంది తాయమ్మ.