మా కొట్టు మేకుకు తుప్పు లేదు

అరికాల్లోంచి మేకును లాగిన మా నాన్న ముందు దాన్నే వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. కాలి సంగతి ఆ తర్వాత.

"నిగనిగలాడుతోంది చూడు. చుక్క తుప్పు లేదు," అన్నాడు గర్వంగా.

కొవ్వూరులో మాది ఇనుప సామాన్ల కొట్టు. ఆ మేకు మా సరుకే. పక్క ఊళ్లో ఒక రైతు పశువుల పాకకు కొత్త రేకులు వేయిస్తూ, మీ మేకులు వంగిపోతున్నాయండీ అని ఫోన్ చేశాడు. సరుకు మీద మాట పడితే నాన్న ఆగలేడు. ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంటికొచ్చిన నన్ను బండి తీయమన్నాడు. మా నాన్న చెప్పులతో అడుగుపెట్టని చోట్లు మూడు: దేవుడి గది, మా కొట్టు, ఆవులున్న పాక. ఆ మూడోదాని ముందు చెప్పులు విడిచి, ఒక దూడను నిమిరి, రెండడుగులు వేశాడు. వడ్రంగి పడేసిన చెక్కముక్క ఒకటి పేడలో కూరుకుపోయి ఉంది. దానికి దిగిన మేకు మొన పైకే ఉంది.

అక్కడి పంపు కింద సబ్బు పెట్టి కాలు బాగా కడిగాను. ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"ముందు టీటీ వేయించుకురండి."

"తుప్పు మేకైతే కదే టీటీ! ఇది కొత్త మేకు. ఏరా, నాలుగేళ్లు మెటలర్జీ చదివావు కదా, నువ్వే చెప్పు. దీనికి తుప్పుందా?"

"లేదు నాన్నా."

"విన్నావా?" అన్నాడు అమ్మతో.

"తుప్పుకీ ధనుర్వాతానికీ సంబంధం లేదు," అన్నాను. "ఒకటి, ఆ జబ్బు తెచ్చేది ఒక సూక్ష్మజీవి. అది ఉండేది మట్టిలో, దుమ్ములో, పేడలో. రెండు, దానికి గాలి గిట్టదు. లోతుగా దిగిన సన్నటి గాయమంటే దానికి పండగ. మూడు, అక్కడ అది విషం తయారు చేస్తుంది. ఆ విషం నరాలకెక్కితే..."

"మొదలెట్టాడు వీడు, ఒకటి, రెండు అని."

"...ముందు దవడలు బిగుసుకుపోతాయి. తర్వాత ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది. ప్రాణం పోవచ్చు. వచ్చాక ఆపడం కష్టం, రాకుండా చూసుకోవడం తేలిక."

"దవడలు బిగుసుకుపోతే బేరమెలా ఆడతారండీ?" అంది అమ్మ.

ఆ మాట కొంచెం పనిచేసింది. నాన్న కుర్చీలో కూలబడి, గొంతు తగ్గించి అసలు విషయం బయటపెట్టాడు. "అది కాదే. మన మేకు మనకే గుచ్చుకుని మనమే సూది వేయించుకున్నామనుకో, సాయంత్రానికి ఊరంతా ఏమంటారు? శెట్టిగారి కొట్లో తుప్పు సరుకు అంటారు. ఎదురు కొట్టాయనకి అది చాలు."

నా మూడు పాయింట్లూ గాలికి పోయాయని అప్పుడర్థమైంది. నాలుగోది వెతుక్కున్నాను. "నాన్నా, మేకు నిర్దోషి. నేరమంతా పేడది. తుప్పు మేకులు మట్టిలో పడుంటాయి కాబట్టి పాపం తుప్పుకి చెడ్డపేరొచ్చింది."

నాన్న మొహం విచ్చుకుంది. "అంటే సరుకు మంచిదే అంటావు."

"బంగారం."

"అయితే పద. కానీ ఇక్కడ వద్దు, రాజమండ్రి పోదాం. అక్కడ మనల్నెవరూ గుర్తుపట్టరు."

ఒక్క సూది కోసం గోదావరి దాటాం. క్లినిక్కులో కూర్చున్నామో లేదో, పక్క బెంచీ మీంచి ఒక గొంతు ఖంగుమంది. మా కొట్టుకు రోజూ వచ్చే తాపీ మేస్త్రి, భార్యకు జ్వరమని తీసుకొచ్చాడు.

"ఏంటండీ శెట్టిగారూ, ఇంత దూరం వచ్చేరు! కాలికేటయ్యిందండీ?"

"మేకండి."

"తుప్పు మేకాండీ? ఏ కొట్టుదండీ?"

బెంచీల మీద ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. నాన్న నావైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మాదేనండి. మేకుది తప్పేం లేదండి. ఒకటి, సూక్ష్మజీవి ఉండేది పేడలోనండి..."

మూడు పాయింట్లూ వరసగా చెప్పాడు, నాకంటే బాగా. మేస్త్రి తన పాదాలు చూసుకుని, "రోజూ మట్టిలో తిరిగేవాళ్లమండి, నాకూ వెయ్యమని అడుగుతాను," అన్నాడు.

డాక్టరుగారు ఇదివరకు టీకాలేమైనా వేయించుకున్నారా అని అడిగారు.

"ఎప్పుడో బండి మీంచి పడ్డప్పుడు ఒకటేశారండి. మళ్లీ రమ్మన్నారు గానీ, దెబ్బ మానిపోయింది కదండీ."

అలాగైతే ఇవాళ రెండు సూదులన్నారాయన. టీకా పుచ్చుకున్న ఒంట్లో రక్షణ తయారవడానికి కొంత సమయం పడుతుందనీ, అందాకా కాపాడటానికి రెండో సూదిలో సిద్ధంగా ఉన్న రక్షణ ఇస్తామనీ చెప్పారు.

"అంటే ఒకటి ఫ్యాక్టరీ, ఒకటి రెడీ స్టాకు," అన్నాడు నాన్న. డాక్టరుగారు నవ్వేశారు. కోర్సు పూర్తి కావాలంటే నెల తర్వాత ఒకటి, ఇంకో ఆరు నెలలకు మరొకటి తప్పదన్నారు.

దెబ్బ మానాక మళ్లీ వెళతాడా అన్నదే అమ్మకూ నాకూ బెంగ. నెల తిరిగాక నేను ఇంటికొచ్చేసరికి చొక్కా మార్చుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈసారి కొవ్వూరులోనే, పట్టపగలు, ఎదురు కొట్టాయన చూస్తుండగా బండెక్కాడు.

సూది వేసిన నర్సమ్మ నావైపు తిరిగింది. "మీరెప్పుడు వేయించుకున్నారు బాబూ?"

"స్కూల్లోనండి. పదహారేళ్లప్పుడు. ఇప్పుడు ఇరవై ఎనిమిది."

"పదేళ్లు దాటిపోయింది కదా మరి. ఇంకోటి వేయించుకోవాలి."

"నాకిప్పుడు దెబ్బేం తగల్లేదండి," అన్నాను.

నాన్న చేతి మీద దూది అదుముకుంటూనే నావైపు కుర్చీ జరిపాడు. చూపుడువేలు పైకెత్తి, ఎంతో ఓపిగ్గా మొదలుపెట్టాడు.

"ఒకటి..."

రెండోది రాకముందే నేను చొక్కా చెయ్యి మడిచేశాను.